పెద్దవయసు చిలుక ఏల కఱచును?



పెంపుడు చిలుకను గూర్చిన ప్రసంగమనగానే, దానికి పలుకులు నేర్పు విధానమును వివరింతునేమో యని మీలో అనేకులు తలంచియుందురు. నేటి విషయము అది కాదు. ఒక యింట చిరకాలము పెరిగి, ఆ యింటివారు పరదేశమునకు తరలిపోయినందుననో, కాలగతి నొందినందుననో వేరొకరి యింటికి వచ్చి చేరిన పక్షి యుండును. లేదా, అదే యింట పదునైదేండ్లో ఇరువదియేండ్లో చేతిమీద కూర్చుండి గింజలు తినిన పక్షియే యొకనాడు యజమానుని వ్రేలిని నెత్తురు చిమ్మునట్లు కొఱికి, తరువాత అప్పుడప్పుడు అట్లే చేయుచుండగా, ఇంటివారు దానిని సమీపించుటకే జంకి పంజరపు తలుపు మూసియుంచుటకు అలవాటుపడియుందురు. ఇట్టి పక్షిని అర్థము చేసికొనుట యెట్లు, దానికి మనుష్యుని చేతియందు మరల నమ్మకము పుట్టించుట యెట్లు అనునదియే నేను విన్నవింపబోవునది.

అంతకుముందు ఒక హెచ్చరిక చేయుట నా విధి. మన మామిడితోటలలోను ఆలయ గోపురములమీదను గుంపులుగా ఎగురుచు కనబడు రామచిలుకను పట్టుటయు, అమ్ముటయు, పంజరమున బంధించి పెంచుటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరములు. స్వదేశీయమైన ఇతర చిలుకలకును ఇదియే వర్తించును. భద్రాచల రామదాసు పూర్వజన్మమున నొక చిలుకను పండ్రెండు దినములు పంజరమున బంధించినందుననే గోలకొండ చెఱలో పండ్రెండేండ్లు మ్రగ్గవలసివచ్చెనని మన జనులు చెప్పుకొను కథను చూడగా, శాసనకర్తలకంటె ఎంతో ముందుగనే ప్రజల మనస్సు ఈ తీర్పు చేసియుండెనని తోచును. కావున నేను మాటలాడునది విదేశీయ జాతులను గూర్చి. వానిలోను ముఖ్యముగా, మన నగరములలో మాటలకొఱకై కొనబడి, ‘ఆఫ్రికన్ గ్రే’ యని పిలువబడు బూడిదవన్నె చిలుకను గూర్చి. దాని అంతర్జాతీయ వాణిజ్యముపై 2017 నుండి అత్యంత కఠినమైన నిబంధనలు అమలులో నున్నవి. ఇట్టి విదేశీయ ప్రాణులు కలవారు వాని వివరములను ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెనని 2024లో కేంద్రప్రభుత్వము నియమములను చేసినది. నమోదు కాని పక్షి మీ యింట నున్నచో, శిక్షణమునకు ముందు ఆ పని చూచుకొనుడు.

పెద్దవయసు అనగా ఎంత? బూడిద చిలుక మంచి పోషణలో నలుబది యేబది యేండ్లు జీవించుట వింత కాదు. కాకతువ్వలలో కొన్ని అంతకంటెను దీర్ఘాయువులు: అమెరికాలో షికాగో నగరమునకు సమీపమున నున్న బ్రూక్‌ఫీల్డ్ జంతుప్రదర్శనశాలలో కుకీ యను గులాబివన్నె కాకతువ్వ, ఆ శాల తెఱవబడిన 1934 నుండి అచ్చటనే పెరిగి, 2016 ఆగస్టులో 83 ఏండ్ల వయసున మరణించెను. అట్టి యొక్క పక్షిని ఎన్ని తరముల పాలకులు సాకియుందురో ఊహించుకొనుడు. అందుచే ఇండ్లలో పెరుగు చిలుకకును జీవితకాలమున ఇద్దరు ముగ్గురు యజమానులు మాఱుట సహజము. ప్రతి యింటను అది యేదో నేర్చుకొనియే వచ్చియుండును. నేర్చుకొనినవానిలో భయములే యెక్కువగా నుండుటయు సంభవమే. ముందటి యింట నెవ్వరో తువ్వాలు కప్పి, గట్టిగ అదిమి పట్టుకొని గోళ్లు కత్తిరించియుందురు. ఈ యింట స్నానము చేసి తువ్వాలు భుజముపై వేసికొని అమాయకముగా ఎదుటికి వచ్చిన తాతగారు దానికి పరమశత్రువుగ తోతురు. ఆయన వ్రేలు తెగిన తరువాత ఇంటిల్లిపాదియు పక్షిని నిందించునే గాని, తువ్వాలును ఎవ్వరును అనుమానింపరు.

మొక్కై వంగనిది మానై వంగునా యను సామెతను ఇట్టి పక్షులపట్ల చెప్పుట పరిపాటి. చిలుకల విషయమున ఆ సామెత చెల్లదు. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అను విదుషి 1977లో షికాగో ప్రాంతమునందలి యొక దుకాణమున కొని, అలెక్స్ అని పేరిడి పెంచిన బూడిద చిలుక, నూఱు మాటల పర్యంతము సందర్భోచితముగా వాడుటకును, రంగులను ఆకారములను వేర్వేఱుగ చెప్పుటకును, ఆఱువఱకు వస్తువులను లెక్కించుటకును నేర్చుకొనెను. 2007 సెప్టెంబరులో, ముప్పదియొక్క యేండ్ల వయసున, అది మరణించునాటికిని దాని పాఠములు సాగుచునే యుండెను. లోకము దాని లెక్కలనే కొనియాడెను గాని, నాకు అంతకంటె గొప్పదిగా తోచునది మఱియొకటి కలదు. పాఠముచే విసిగినపుడు, తన్ను మరల పంజరమునకు తీసికొనిపొమ్మని అలెక్స్ నోరార అడిగెడిది. అడిగిన ఫలమును పొందెడిది. అనగా, వలదని చెప్పుటకు దానికొక మార్గము లభించియుండెను. మన యిండ్లలోని చిలుకలకును అట్టి మార్గము లేకపోలేదు. అవి చెప్పుచునే యున్నవి, మనమే వినకున్నాము. కాటునకు మూలమంతయు ఈ వినకపోవుటలోనే యున్నదని నా దృఢ విశ్వాసము.

ఈ లోపము క్రొత్తది కాదు. మన సాహిత్యము చిలుక నోటికి పట్టము కట్టినది. బాణుని కాదంబరిలో కథ చెప్పునది వైశంపాయనుడను చిలుకయే. పాలవేకరి కదిరీపతి తెనిగించిన శుకసప్తతిలో, రాత్రికొక కథ చెప్పి యొక వనితను గడప దాటకుండ నిలిపినదియు చిలుకయే. ఇట్లు తరతరములుగా చిలుక పలుకులకు చెవియొగ్గిన మనకు, దాని మేనిని పరికించు అలవాటు తప్పిపోయినది. నిజమునకు చిలుకకు స్వభాషయనదగినది నోటనున్నది కాదు, మేన నున్నది.

ఆ భాషను కొంత చెప్పెదను. పక్షుల కంటిపాపను నడపు కండరము, మనకు వలె గాక, ఇచ్ఛాధీనమైనది. అందుచే చిలుక తన కంటిపాపను వెంటవెంటనే కుదించుచు విప్పుచు నుండగలదు. ముదిరిన బూడిద చిలుక కంటివలయము లేత పసుపువన్నెలో నుండుటచే ఈ మార్పు గజము దూరమునుండియు స్పష్టముగా కానవచ్చును. ఆ సమయమున మెడవెనుక ఈకలు నిక్కి, తోక విచ్చుకొని, పాదములు అడ్డకఱ్ఱను బిగించియుండినచో, పక్షి ఉద్రేకములో నున్నదని యెఱిగి చేతిని దింపుకొనుట మేలు. భయపడినపుడు రూపము వేఱు: ఈకలన్నియు మేనికి అదుముకొని, సన్నబడి, మన చేయి వచ్చు దిక్కునకు ఎదురుగా వాలును, బూడిద చిలుకయైనచో గొంతులో గుఱ్ఱుమను ధ్వని చేయును. ఇంకను ముందటి దశలో ఈపాటి గుఱుతులు కూడ నుండవు. తినుచున్న గింజను హఠాత్తుగా ఆపుట, ముఖమును ప్రక్కకు త్రిప్పుకొనుట, ఒక్క అడుగు వెనుకకు వేయుట, అంతమాత్రమే. అయితే కంటిపాపల ఆట ఆనందముననైనను, మాటలాడునపుడైనను కలుగును. కావున ఏ యొక్క గుఱుతును పట్టుకొనియు తీర్పు చేయరాదు. మెడ, తోక, పాదములు, ఆ క్షణమున గదిలో జరుగుచున్న పని, ఇవన్నియు కలిపి చదువవలెను. ప్రతి పక్షికిని సొంత యాస కలదు. దానిని నేర్చుకొనుటకు కొన్ని దినములు చేయి చాపక ఊరక కూర్చుండి చూచుటకంటె వేఱు సాధనము లేదు.

కాంగో నదీప్రాంతపు అరణ్యములలో గుంపులుగా తిరుగు చిలుకలకును కలహములు కలవు. అయినను అవి యొకదానినొకటి చీల్చుకొనవు; ఒకటి ఈకలు నిక్కించును, ముక్కు చాచును, రెండవది తొలగిపోవును, లేదా ఎగిరిపోవును. ఱెక్కలు కల ప్రాణికి దూరమే సహజమైన రక్షణము. ఇప్పుడు ఱెక్కల ఈకలు కత్తిరించి, నాలుగువైపుల ఇనుపకడ్డీలు నిలిపి, ఒక్కటే యున్న తలుపులోనుండి అయిదు వ్రేళ్లును లోనికి చొప్పించినచో, ఆ ప్రాణికి తొలగుటకు చోటేది? అది ముఖము త్రిప్పుకొనెను, చేయి ఆగలేదు. వెనుకకు అడుగువేసెను, ఆగలేదు. గుఱ్ఱుమనెను, ‘అల్లరి చేయకే’ యని నవ్వితిరి. కఱచెను, చేయి తటాలున వెనుకకు పోయెను! ఆ ఒక్క క్షణమున పక్షి గొప్ప పాఠము నేర్చుకొనినది: ఈ యింట చిన్న సంజ్ఞలు నిరర్థకములు, పనిచేయునది ముక్కొక్కటే యని. ఇట్లు నాలుగుసార్లు జరిగినపిమ్మట అది ఆ నిరర్థక సంజ్ఞలను విడిచిపెట్టి, నేరుగా కఱచుటకు ఆరంభించును. అప్పుడు ఇంటివారు, ‘ఏ కారణమును లేకుండ కఱచుచున్నది, పిచ్చిపట్టినది’ యందురు. ఆ కాటును నేర్పిన గురువులు తామేయని చెప్పినచో వారికి కోపము వచ్చును.

ఇందులో మిక్కిలి సూక్ష్మమైనదియు, నా యెఱుకలో అనేక గృహములందు అనర్థమునకు హేతువైనదియు నగు విషయము మఱొకటి కలదు. చిలుక ముక్కు కేవలము ఆయుధము కాదు. అది దానికి మూడవ చేయి. పై ముక్కు పుఱ్ఱెతో కీలువలె కలిసియుండుటచే అది స్వతంత్రముగా కదలును. కొనయందు స్పర్శజ్ఞానము నిచ్చు సూక్ష్మేంద్రియములు కలవు. కొమ్మనుండి కొమ్మకు పోవునపుడు చిలుక మొదట ముక్కుతో రెండవ కొమ్మను పట్టి, అది తన బరువును మోయునో లేదో పరీక్షించి, పిమ్మట పాదము మోపును. మీరు వ్రేలు చాపినపుడును అది చేయునది ఇదియే. ముక్కు వంచి వ్రేలిని పట్టబోవును. కఱచుననుకొని మీరు వ్రేలిని వెనుకకు లాగికొందురు. పక్షి దృష్టిలో ఏమి జరిగినది? మోయుననుకొనిన కొమ్మ మోపుకాలమున తప్పుకొనినది. రెండవమాఱు అది మఱింత గట్టిగ పట్టును. మీరు మఱింత వేగముగ లాగుదురు. మూడవమాఱు చర్మము తెగును. పరీక్షగా ఆరంభమైన క్రియ ఇట్లు కాటుగా పరిణమించును. ముదుసలి పక్షికి కీళ్లవాతముండి, పాదములు గట్టిగ పట్టజాలనిచో ఈ పరీక్ష మఱింత దీర్ఘముగను గట్టిగను ఉండుట న్యాయమే. కదలని చేయి చూపగలవారే చిలుకను చేతిమీదికి పిలువవలెను. మనస్సులో జంకు ఉన్నంతకాలము వ్రేలికి బదులు ఒక కఱ్ఱను చూపుట ఇరువురికిని క్షేమము.

ఇంతవఱకు శాంతముగ నుండిన పక్షి పెద్దవయసున హఠాత్తుగా కఱవనారంభించినచో, మొట్టమొదట చూపవలసినది పక్షుల వైద్యమున అనుభవముగల పశువైద్యునికి. కీళ్లవాతము, కంటిలో పువ్వు, విపరీతముగ పెరిగిన గోళ్లు, ఏండ్లతరబడి పొద్దుతిరుగుడు గింజలు మాత్రమే తినుటచే కలిగిన విటమిన్ ‘ఏ’ లోపము, కాలేయవ్యాధి, వీనిలో ఏదియైనను కావచ్చును. చిలుక తన రోగమును కడవఱకు దాచుకొను ప్రాణి. కాటు ఒక్కొక్కప్పుడు ఆ దాపరికమునుండి వెలువడిన తొలి వార్త. క్రొత్త ఈకలు మొలుచుచున్నపుడు వానిలో నెత్తురు ప్రవహించుచుండును గనుక, ముద్దుకై మెడ నిమిరినను నొప్పి పుట్టును. చూపు మందగించిన పక్షికి మనము ప్రక్కనుండి చేయి చాపుట మీదపడుటతో సమానము. అట్టిదానిని పేరుపెట్టి పిలిచి, స్వరము వినిపించుచు, ఎదుటినుండి రావలెను.

నిద్రను గూర్చి ఒక్క మాట. బూడిద చిలుక జన్మభూమి భూమధ్యరేఖ కిరుప్రక్కల నున్నది. అచ్చట సంవత్సరము పొడుగునను రాత్రి ఇంచుమించు పండ్రెండు గంటలు. మన యింట పంజరము టెలివిజను ప్రక్కన నుండును. వార్తలు, ధారావాహికలు, క్రికెట్ ముగిసి దీపము ఆరునప్పటికి అర్ధరాత్రి. తెల్లవాఱుజామున కుక్కరు ఈలతో అది మేల్కొనును. ఇట్టి జాగరణముచేత మనుష్యులే కఱతురు! ఇట్టి యిండ్లవారు వేఱు ఉపాయము వెదకుటకుముందు చీకటిగల నిశ్శబ్దపు గదిలో పది పండ్రెండు గంటల నిద్రను దానికి సమకూర్చిచూడవలెను. ఋతుకాలమున, అనగా జతకొఱకు వెదకు కాలమున, దాని స్వభావము మాఱుట సహజము. అప్పుడు వీపు నిమురుట, బీరువా క్రిందనో అట్టపెట్టెలోనో గూడు చేసికొననిచ్చుట అగ్నికి ఆజ్యము పోయుటయే.

చిలుక యొక్కనినే వరించుట మఱియొక చిక్కు. ఇంటి యిల్లాలిని జతగా ఎన్నుకొనిన పక్షి, ఆమె భర్త దరికి వచ్చినపుడు అతనిని తఱుమజూచును. అతడు అందనిచో, తాను కూర్చున్న భుజము ఆమెదేయైనను, ఆమె చెవినే కొఱుకును. గుంపులో ప్రమాదము తోచినపుడు జతను ఎగురగొట్టు వాడుకయే ఇట్లు వికటించినదని అనుభవజ్ఞులు చెప్పుదురు. కారణమేదైనను, కఱచు అలవాటుగల పక్షిని భుజమెక్కించుకొనుట అవివేకము; అచ్చట దాని కన్నులు మనకు కానరావు, మన కన్నులు దానికి మిక్కిలి చేరువ. ఆ పక్షికి ప్రియమైన పలహారమును ఇంట దానికి అప్రియుడైనవాడే పెట్టునట్లు ఏర్పాటు చేయుడు. ఆమె పెట్టునది సామాన్యపు ఆహారము మాత్రమే కావలెను.

దండనమును గూర్చి విపులముగ చెప్పనక్కఱలేదు. ముక్కుపై కొట్టుట, నీళ్లు చిమ్ముట, కూర్చున్న చేతిని ఊపి పడద్రోయుట, పంజరముపై దుప్పటి కప్పి చీకటిలో శిక్షించుట, ఇవన్నియు చేతిపట్ల భయమును పెంచునవే. పెద్దగ కేకవేయుట ఇంకను నిష్ఫలము. సందడి ప్రియముగల ఆ పక్షికి మన కేక వినోదమైనను కావచ్చును.

ఇక శిక్షణము. దీని సిద్ధాంతము పాతది. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1898లో ప్రకటించిన, పెట్టెలలోనుండి బయటపడుటకు పిల్లులు చేసిన ప్రయత్నములను గూర్చిన పరిశోధనలతో ఇది ఆరంభమై, పావురములతో పనిచేసిన స్కిన్నరు చేతిలో శాస్త్రముగ స్థిరపడినది: ఏ పనికి సుఖకరమైన ఫలము వెంటనే లభించునో, ఆ పని మరల మరల చేయబడును. ఈ సూత్రమును చదువకయే ఆచరించినవారు మన వీథులలో నుండిరి. చిలుకజోస్యము చెప్పువాని పనిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు: వాడు పంజరములో చేయి పెట్టడు, తలుపు తెఱచును, చిలుక తానే వెలుపలికి వచ్చి, వరుసలో పేర్చిన కార్డులలో నొకదానిని ముక్కుతో లాగి యిచ్చి, ఒక గింజను పుచ్చుకొని, తానే లోనికి పోవును. రామచిలుకలను ఇట్లు బంధించుట చట్టవిరుద్ధమైనందున ఆ వృత్తిని నేను సమర్థించుటలేదు. కాని తెఱచిన తలుపు, స్పష్టమైన పని, తక్షణమే గింజ, ఈ మూడును గ్రహింపదగినవి.

మీ చిలుక కన్నిటికంటె ప్రియమైనది ఏదో ముందు కనుగొనుడు: ఉప్పులేని వేరుసెనగ ముక్కయో, బాదము తునుకయో, పొద్దుతిరుగుడు గింజయో. దానిని రోజువారి గిన్నెలోనుండి తొలగించి, పాఠమునకు మాత్రమే దాచియుంచుడు. అంతేగాని పక్షిని ఆకలితో మాడ్చుట శిక్షణము కాదు. మొదటి దినములలో చేయవలసినది ఒక్కటే: పక్షి శాంతముగ నుండునంత దూరముననే నిలిచి, మెల్లగ వచ్చి, గిన్నెలో ఆ తునుకను వేసి, వెంటనే తొలగిపోవుట. మీ రాక మంచి వార్త యని దానికి తెలియవలెను. మన రాకతో దాని మేను బిగియుట మాని, మన వైపు జరుగ నారంభించిన తరువాత, ఒక సన్నని పుల్లను కడ్డీల వెలుపలనుండి దాని ముక్కునకు కొంచెము ఎడముగ చూపుడు. కుతూహలముచే అది పుల్లకొనను ముక్కుతో తాకును. తాకిన ఆ క్షణముననే ‘భళి’ యని యొక మాట పలికి, తునుక నిచ్చుడు. ఆ మాట ఎల్లప్పుడు నొక్కటే కావలెను. దాని వెనుక తునుక తప్పక రావలెను. కొలది పాఠములలో పక్షి పుల్లకొనను వెదకికొని వచ్చును. ఆ కొనను కదల్చుచు దానిని అడ్డకఱ్ఱపై ఈ చివరనుండి ఆ చివరకు నడిపింపవచ్చును, త్రిప్పవచ్చును, తెఱచిన తలుపుగుండ వెలుపలికి పిలువవచ్చును. ఎచ్చటను చేయి దానిని తాకలేదు. అది చేసినదంతయు తన యిష్టముచేతనే చేసినది.

పిమ్మట మీ చేతిలో పట్టుకొనిన మందమైన కఱ్ఱను దాని పొట్టయెదుట స్థిరముగ నిలిపి, పుల్లను ఆవలి ప్రక్క చూపినచో, ఆ కొనకొఱకై అది కఱ్ఱమీదికి ఎక్కును. ఒక పాదము మోపినను మెచ్చుకొనుడు. కఱ్ఱను దినదినము కొంచెము పొట్టిగ పట్టుకొనుచు వచ్చినచో, ఒకనాటికి అది మోపిన పాదము క్రింద నున్నది కఱ్ఱయో, మందపు చొక్కా తొడిగిన మీ ముంజేయియో అను భేదమును అది పాటింపదు. పాఠము మూడు నాలుగు నిమిషములకు మించరాదు. ముదుసలి పక్షికి ఇంకను తక్కువ. అది ఇంకను కావలెనని చూచుచుండగనే ముగించుట ఉపాధ్యాయుని నేర్పు. ఇదే రీతిగ తూనిక త్రాసు నెక్కుట, ప్రయాణపు పెట్టెలోనికి పోవుట నేర్పియుంచినచో, వైద్యుని యింటికి పోవు దినమున తువ్వాలుతో పెనుగులాట తప్పును.

ఈ పద్ధతికంతటికిని ప్రాణము వేఱొకటి. పాఠము నడుమ పక్షి ముఖము త్రిప్పుకొనినను, వెనుకకు వాలినను, వెంటనే ఆగి, చేతిని దింపి, ఒక్క అడుగు తొలగుడు. చిన్న సంజ్ఞకు మరల విలువ కలిగినదని దానికి ఋజువు కావలెను. ‘అది వలదన్నప్పుడెల్ల మేము తొలగినచో, అదియే ఇంటికి ప్రభువగును గదా’ యని కొందఱాక్షేపింతురు. ఆక్షేపణము సహేతుకమువలె కనబడును గాని, నిలువదు. వలదన్న పక్షికి దూరము దొరకును, తునుక దొరకదు. ఒప్పుకొనిన పక్షికి తునుకయు దొరకును, కోరినపుడు దూరమును దొరకును. ఇట్టి బేరములో ఎంత వృద్ధ పక్షియైనను ఏది యెన్నుకొనునో చెప్పనక్కఱలేదు. వలదను స్వేచ్ఛ కలిగిన తరువాత వలదనుట తగ్గిపోవుటను ఈ పని చేసినవారందఱును ఎఱుగుదురు.

దీనితోపాటు ఒక పుస్తకము పెట్టుకొనుడు. కాటు పడిన ప్రతిసారియు, దానికి ముందు ఎవరెచ్చట నుండిరి, ఏమి కదలినది, గంట యెంత, పక్షి మేన ఏ గుఱుతు కనబడినది, కాటు పిమ్మట దానికి దొరకినదేమి, తప్పినదేమి, ఇంతమాత్రము వ్రాయుడు. ఒక నెలయైన తరువాత చదివినచో, ‘కారణము లేకుండ’ అను మాట మీ నోట రాదు. ఎఱ్ఱ గాజుల చేతినే అది కఱచుననియో, సాయంకాలము పంజరమునకు మరల్చునపుడే కఱచుననియో పుస్తకమే చెప్పును. మరల్చుట యిష్టములేక కఱచుచున్నచో, పంజరములోని గిన్నెలో దాని ప్రియమైన పలహారము ముందే యుంచుట ఉపాయము. మరలవలెనని కఱచుచున్నచో, కఱచుటకు ముందే తీసికొనిపోవుట ఉపాయము. కాటు ఒక్కటే, ఔషధములు వేఱు.

ఆహారమును గూర్చి క్లుప్తముగ: గింజలు తగ్గించి, కూరగాయలు, ఆకుకూరలు, ఉడికించిన పప్పుధాన్యములు, జామ బొప్పాయివంటి పండ్లు అలవాటుచేయుడు. పండుమిరపకాయ పెట్టుట మనవారి పాత వాడుక. అది క్రూరత్వము కాదు, మిరపలోని కారము పక్షుల ఇంద్రియములకు తెలియదు. పైగా గింజలలో కొఱవడిన పోషకము అందులో సమృద్ధిగ కలదు. అవకాడో పండును, చాకొలెట్టును మాత్రము దరిచేరనీయరాదు. మాడినపుడు నాన్‌స్టిక్ పెనమునుండి వెలువడు పొగ పక్షిని నిమిషములలో చంపును.

ఇన్ని చేసినను ఒకనాడు కాటు పడవచ్చును. అప్పుడు కేకవేయక, చేతిని లాగక, పక్షిని మెల్లగ అందుబాటులోనున్న కుర్చీ వెన్నుమీదనో బల్లమీదనో దింపి, మాటలేకుండ కొన్ని క్షణములు తొలగియుండుడు. గాయమును సబ్బుతో పాఱునీట బాగుగ కడిగి, లోతుగ నున్నచో వైద్యునికి చూపి, ధనుర్వాతమునకు సూది కావలెనేమో అడుగుడు. రేబిస్ స్తన్యజంతువులకు సంబంధించిన వ్యాధి. చిలుక కాటునకు ఆ భయము లేదు. పసిపిల్లలను ఇట్టి పక్షితో ఒంటరిగ విడువరాదు; ఈ విషయమున నేను ఏ మినహాయింపును అంగీకరింపను.

విసిగి, తలుపు తెఱచి ఆకాశమున విడిచిపెట్టుటే దయ యనుకొనువారును కలరు. పంజరమున పెరిగిన ఆఫ్రికా చిలుక మన ఊరి కాకులనడుమ ఆహారము వెదకికొనలేదు. దానిని విడుచుట చంపుటకు మాఱుపేరు. సాకలేనివారు అటవీశాఖవారిని సంప్రదించి, చట్టానుసారముగ సమర్థులైనవారికి అప్పగింపవలెను. సాకదలచినవారు ఒక్క విషయమును మఱవరాదు: ఈ పక్షి మీకంటె ఎక్కువకాలము జీవించుట అసంభవము కాదు. కనుక మీ పిమ్మట దానిని చేపట్టువారెవరో ఇప్పుడే నిశ్చయించి, అది యేమి తినునో, ఏ వస్తువునకు బెదరునో, ఏ మాటకు చేతిమీదికి వచ్చునో, కఱచుటకు ముందు ఏ గుఱుతు చూపునో ఒక పుటలో వ్రాసి, నమోదు పత్రముతో కలిపి, వారికి అందజేయుడని నా మనవి.